మా రోజుల్లో ఫైలుకో చోటుండేది

మా రోజుల్లో సెట్టింగులు ఎక్కడున్నాయని ఎవర్నీ అడిగే పని ఉండేది కాదు. ఈటీసీ డైరెక్టరీలో చూసుకోవడమే. లాగులు వార్‌లోని లాగ్‌లో, డేటాబేసు వార్‌లోని లిబ్‌లో, ప్రోగ్రాములు యూఎస్ఆర్‌లో, బయటివాళ్ల సరుకు ఆప్ట్‌లో. లినక్స్‌వాళ్లు 1994లోనే ఈ పద్ధతి రాసిపెట్టారు. తర్వాత దానికే ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ అని పేరొచ్చింది. మారనివన్నీ యూఎస్ఆర్‌లో, మారేవన్నీ వార్‌లో అన్నది దాని కిటుకు. ప్రోగ్రాములు పోతే సీడీ పెట్టి మళ్లీ వేసుకునేవాళ్లం. ఈటీసీ, వార్, హోమ్ టేపుకెక్కిస్తే చాలు, ఇంటికెళ్లి హాయిగా పడుకోవచ్చు.

అప్పుడంతా బంగారమేనని అనను. విండోస్ 3.1 కాలంలో ప్రతివాడూ విన్ డాట్ ఐఎన్ఐలో చెయ్యిపెట్టేవాడే. కానీ గాలించడానికి ఉన్నది ఏవో నాలుగు ఫైళ్లే.

ఇప్పుడో? మీ హోమ్ డైరెక్టరీలో దాచిన ఫైళ్లతో సహా ఓసారి చూడండి. అద్దెకు దిగినవాడు ఓనరు బీరువాలో బట్టలు సర్దుకున్నట్టు, ప్రతి ప్యాకేజీదీ పేరు ముందు చుక్క పెట్టి దాచిన ఓ డైరెక్టరీ! అసలా చుక్క మహిమే పొరపాటున పుట్టిందట. ఎల్ఎస్ కమాండులో ఒక చుక్క, రెండు చుక్కల పేర్లను దాచబోయి, మొదటి అక్షరం చుక్కయితే చాలన్నట్టు రాసేశారని యూనిక్స్ పెద్దల్లో ఒకడైన రాబ్ పైకే చెప్పాడు. అది కాస్తా ఆచారమై కూర్చుంది.

దారి చూపినవాళ్లు లేక కాదు. ఎక్స్‌డీజీ పద్ధతి ఎప్పుడో వచ్చింది: సెట్టింగులు డాట్ కాన్ఫిగ్‌లో, డేటా డాట్ లోకల్‌లోని షేర్‌లో, పారేసినా నష్టంలేనిది డాట్ క్యాష్‌లో. వినేదెవరు? స్నాప్ అనే ప్యాకేజీల పద్ధతి అయితే చుక్క కూడా పెట్టకుండా ఏకంగా హోమ్ నడిమధ్యలో తన పేరుతో డైరెక్టరీ తెరిచింది. సిగ్గన్నా ఉండాలి కదా!

ప్యాకేజీ తీసేస్తే పీడ పోతుందా అంటే అదీ లేదు. ఏపీటీ పర్జ్ కమాండు కొడితే ఈటీసీలోని సెట్టింగులు పోతాయి గానీ, హోమ్ జోలికి రాదు. రాకూడదు కూడా, అందులో ఉన్నది మన సొత్తు. కానీ మన సొత్తులోనే వాళ్ల చెత్త కలిపేస్తే ఏది దాచాలో, ఏది ఊడ్చాలో తెలిసేదెలా? గిగాబైట్ల క్యాషంతా బ్యాకప్‌కెక్కి కూర్చుంటోంది.

ప్యాకేజీలు రాసే బాబూ, చోటు నీ ఇష్టమే అనుకుంటే అనుకో. రీడ్‌మీలో మాత్రం మూడు ముక్కలు రాసిపెట్టు: ఏది ఎక్కడ పెట్టావు, ఏది బ్యాకప్ తీసుకోవాలి, ఏది తుడిచేసినా ఫర్వాలేదు.