మేత గిన్నె నిండుగానే ఉంది

లెక్కలు బాగా వచ్చినవాడి చేతికి పిట్టల్ని ఇవ్వకూడదు. ఈ మాట నన్ను చూసుకునే అంటున్నాను. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ జమాఖర్చులు తనిఖీ చేసి రిటైరైన నేను, టి. నగర్‌లో ఉస్మాన్ రోడ్డు వెనక ఉన్న మా ఫ్లాటు బాల్కనీలో గోల్డియన్ ఫించ్‌లు పెంచి, పిల్లల్ని అమ్మి, పెన్షన్‌కు తోడు చేసుకుందామనుకున్నాను.

అందానికి దాని తర్వాతే ఏ పిట్టైనా. ఊదా రొమ్ము, పసుపు పొట్ట, ఆకుపచ్చ వీపు. తల నలుపో ఎరుపో, అరుదుగా పసుపో. ఉత్తర ఆస్ట్రేలియా గడ్డినేలల పక్షి. జాన్ గౌల్డ్ 1844లో దీనికి తన భార్య ఎలిజబెత్ పేరు పెట్టాడు. ఆయన పుస్తకాలకు పక్షుల బొమ్మలు వేసిన ఆవిడ 1841లోనే కన్నుమూసింది. 1960లో ఆస్ట్రేలియా తన పక్షుల ఎగుమతి ఆపేసింది కాబట్టి, మన దగ్గర దొరికేవన్నీ తరాలుగా పంజరాల్లో పుట్టినవే. మన పొలాల మునియాల్ని పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు, ఇది పరాయి దేశపుది గనక పెంచుకోవచ్చు. చట్టం నా పక్షానే ఉంది. బుద్ధే లేదు.

గూడు పెట్టెలో గుడ్లు కనబడ్డ రోజు నుంచి నాకు నిద్ర లేదు, వాటికీ లేకుండా చేశాను. పొద్దునా సాయంత్రం మూత తీసి, ఫోను టార్చి వేసి లెక్కపెట్టడం. అది చాలనట్టు దీపావళి వచ్చింది. టపాకాయల మోతకు లేచిన తల్లి మళ్ళీ గుడ్ల మీద కూర్చోలేదు. తర్వాతి ఈతలో పిల్లలు పుట్టాయి గాని, తల్లిదండ్రులు వాటిని ఒక్కొక్కటే బయటికి పారేశాయి. "వీటికి పిల్లల్ని పెంచడం చేతకాదు" అని తీర్పు చెప్పాను. టార్చి నా చేతిలోనే ఉంది.

పల్లావరం శుక్రవారం సంతలో పిట్టలమ్మే అతను ఉపాయం చెప్పాడు: "బెంగాలీస్ కింద పెట్టుకోండి సార్, ఎవరి పిల్లలైనా సాకుతాయి." నిజమే. బెంగాలీస్ ఫించ్ అడవిలో ఎక్కడా ఉండదు. తెల్ల నడుము మునియాను చైనా, జపాన్‌లలో రెండు వందల ఏళ్ళకు పైగా మచ్చిక చేయగా తయారైన ఇంటి పక్షి. ఎంత కదిపినా గూడు వదలదు. ఆ మాట వినగానే నా బుర్రలో పద్దులు మొదలయ్యాయి. గోల్డియన్ ఈతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. వాటిని తీసేస్తే మళ్ళీ పెడుతుంది. పొదిగే శ్రమ బెంగాలీస్‌ది, రాబడి నాది.

గుడ్లు మార్చడానికీ ఒక లెక్క ఉంది. పెంపుడు జంట కూడా దాదాపు అదే సమయానికి గుడ్లు పెట్టి, పొదుగుతూ ఉండాలి. పిల్లలు పుట్టకముందే వాటికి ఉడికిన గుడ్డు, మొలకెత్తిన గింజలు అలవాటు చేయాలి. తాము ఎరగని మేతను అవి పిల్లలకు పెట్టవు. అంతవరకు బుద్ధిగానే చేశాను. పక్షం రోజులకు పిల్లలు బయటపడ్డాయి. నోటి మూలల్లో నీలి ముత్యాల్లాంటి బుడిపెలు, కాస్త వెలుతురు పడితే చాలు మెరుస్తాయి. మెడ పక్కన పల్చటి చర్మం కింద మేత సంచిలో గింజలు పైకే కనబడుతుంటే, గెలిచాననుకున్నాను.

మూడు వారాలకు గూడు దిగాయి. గిన్నె దగ్గర వాలి ముక్కుతో పొడుస్తున్నాయి. పొడవడాన్ని తినడమనుకున్నాను. కొర్రగింజను నాలుకతో తిప్పి, ముక్కు అంచున నొక్కి, పొట్టు ఒలవడం పిల్లకు ఒక్క రోజులో రాదు. దాదాపు ఇంకో మూడు వారాలు పెద్దవాటిని అడుక్కుంటూ, చూస్తూ నేర్చుకుంటుంది. కానీ నాకు పెంపుడు జంట ఖాళీ కావాలి, తర్వాతి ఈత కాచుకుని ఉంది. పిల్లల్ని వేరే పంజరంలోకి మార్చాను. పెద్దవాటి మేత గిన్నె అంచుదాకా నిండుగా ఉంది కదా, మళ్ళీ కొత్త గింజలెందుకని, ఆ గిన్నెనే ఇటు పెట్టాను.

మర్నాడు మా ఆవిడ అడిగింది: "ఏమండీ, ఇవి ఉబ్బరించుకుని కూర్చున్నాయేం? తింటున్నాయా?"

"గిన్నె చూడు, కావలసినంత ఉంది."

ఆవిడ గిన్నె తీసి ఉఫ్ అని ఊదింది. బాల్కనీ అంతా ఊక. అడుగున నాలుగు గింజలు.

గోడౌన్లో పై బస్తా చూసి సంతకం పెట్టకండి, అడుగు బస్తా విప్పించండి అని ఎందరో జూనియర్లకు చెప్పినవాణ్ణి నేను. అన్నింటికంటే చిన్న పిల్ల ఆ పూటే పోయింది. మిగతావాటిని తిరిగి పెంపుడు జంట దగ్గర వదిలితే, పిల్లలు తల వంచి నోరు తెరవడమే ఆలస్యం, అవి పెట్టడం మొదలుపెట్టాయి.

అంతటితో బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. ఈసారి తొందరపడకూడదని పిల్లల్ని నెలల తరబడి బెంగాలీస్ మధ్యే వదిలేశాను. మన కోయిల కాకి గూట్లో పెరిగినా కోయిలగానే కూస్తుంది, కోయిలనే వెతుక్కుంటుంది. పానగల్ పార్కు చెట్ల కింద వేసవిలో నిలబడి అదే ధైర్యం చెప్పుకున్నాను. అది తరతరాలుగా పరాయి గూట్లో పెరిగే జాతి, దాని పద్ధతి వేరు. ఫించ్ పిల్లకు మాత్రం చిన్ననాడు పెట్టి పెంచినవారే తన జాతి. క్లాస్ ఇమ్మెల్‌మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1960ల నుంచే జీబ్రా ఫించ్‌ల మీద ఈ సంగతి నిరూపించాడు. బెంగాలీస్ పెంచిన మగ జీబ్రాలు పెద్దయ్యాక బెంగాలీస్ ఆడవాటినే కోరుకున్నాయి. ఇది నేను చదివేసరికి మా ఎర్రతల మగపిట్ట, పక్కనే ఉన్న గోల్డియన్ ఆడదాన్ని కన్నెత్తి చూడకుండా, ఒక గోధుమరంగు బెంగాలీస్ ముందు తల వంచి గంతులేస్తోంది.

ఇప్పుడు గోల్డియన్ల గూడు పెట్టెకు తెర కట్టాను, అవే పొదుగుకుంటున్నాయి, పారేయకుండా పెంచుకుంటున్నాయి కూడా. బెంగాలీస్ జంటను ఆపదకు మాత్రమే ఉంచుకున్నాను. ఆ ఎర్రతల పిట్ట ఏ జతకూ పనికిరాదు గనక పుస్తకంలో దాని పేర నష్టం రాయబోయాను. మా ఆవిడ కలం పట్టుకుని ఆపింది:

"తప్పు మీది. పద్దు దాని పేరునెందుకు?"