మళ్ళీ పరీక్ష సరే, మళ్ళీ పాఠమేదీ?

మహారాజశ్రీ పరీక్షల నియంత్రణాధికారి వారి సముఖమునకు,

విషయం: తప్పిన సబ్జెక్టును మళ్ళీ చదువుకునే భాగ్యం కలిగించవలసిందిగా విన్నపం.

సూచిక: తమ కార్యాలయం కిటికీకి అంటించి, వానకు సగం చిరిగిన నోటీసు.

అయ్యా,

నేను తమకు కొత్తవాణ్ణి కాను. ఎం-1 అనే లెక్కల పేపరు మీదికి ఏడుసార్లు దండెత్తినవాణ్ణి. గజనీ మహమ్మదు పదిహేడుసార్లు వచ్చాడంటారు గానీ, ఆయన ప్రతిసారీ చలానా కట్టి రాలేదు కదా! ఆరోసారి వెళ్ళేసరికి కిటికీ అవతలి గుమస్తా గారు "ఏటి బాబూ, మళ్ళీ నువ్వేనా?" అంటూ నా హాల్ టికెట్ నంబరు నేను చెప్పకముందే రాసేశారు. ఏడోసారి గట్టెక్కాను. ఇప్పుడు అడిగినా నాకు ఒరిగేదేమీ లేదు గనక నిర్భయంగా రాస్తున్నాను.

ముందుగా నా జాతకం విన్నవిస్తాను. నేను ఇంజనీరింగ్‌లో చేరింది 2014లో. ఆ అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖను ఊడ్చిపెట్టింది. మా రేకులింటి పైకప్పుతో పాటు నా నోట్సూ ఎగిరిపోయింది. కరెంటు లేని రాత్రుల్లో చదివి మిడ్ రాస్తే ఇంటర్నల్‌కు ముప్ఫైకి ఎనిమిది వచ్చాయి. నిబంధన ప్రకారం మొత్తం మీద నలభై రావాలి. డెబ్భై మార్కుల ఎక్స్‌టర్నల్‌లో ముప్ఫై అయిదు శాతం దాటాలి. నా పక్క బెంచీవాడికి ఇంటర్నల్ ఇరవై. వాడికి ఎక్స్‌టర్నల్‌లో పాతిక వస్తే చాలు. నాకు ముప్ఫై రెండు కావాలి. ఆ ఎనిమిది మార్కులు సప్లీ సప్లీకీ నా వెంటే వచ్చాయి. తుపాను ఒక్క రోజులో తీరం దాటిపోయింది. నా మెమోలో మాత్రం దాదాపు నాలుగేళ్ళు తిష్ట వేసింది.

అది నా ఖర్మ అనుకుందాం. అసలు సంగతికి వస్తాను.

తమ నోటీసులో హాజరు 75 శాతం ఉండాలన్నారు. 65 దాటి 75 లోపు ఉంటే డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి కండోనేషన్ ఫీజు కట్టుకోమన్నారు. పోర్టులో సరుకు గడువు దాటి పడి ఉంటే డెమరేజ్ కట్టించుకున్నట్టే ఇదీ. మాకు అలవాటే. 65 కూడా లేనివాణ్ణి డిటెయిన్ చేస్తారు. వాడు మరుసటి ఏడాది జూనియర్లతో కూర్చుని, అవే పాఠాలు మొదటినుంచి వినాలి.

ఇది శిక్షట!

మరి నాలాంటివాడి సంగతేమిటి? ప్రతి రోజూ మొదటి బస్సు పట్టుకుని వచ్చాను. హాజరు 91 శాతం. ముందు బెంచీలో కూర్చుని లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ నోరెళ్ళబెట్టి విన్నాను. అర్థం కాలేదు. అయ్యా, నా నేరమల్లా అదే. నాకు మళ్ళీ పాఠం చెప్పరు. మళ్ళీ పరీక్ష పెడతారు. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష. పాఠం కావాలంటే గాజువాక జిరాక్సు షాపులో గెస్ పేపరు కొనుక్కోవాలి. క్లాసు ఎగ్గొట్టినవాడికి మళ్ళీ క్లాసు, క్లాసుకొచ్చినా తలకెక్కనివాడికి మళ్ళీ హాల్ టికెట్! ఈ వైద్యం కనిపెట్టిన మహానుభావుడికి ఒక దండం.

ప్రస్తుతం నేను ఉక్కు కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు కింద, ఎస్‌ఎంఎస్‌లో పని చేస్తున్నాను. ఫోనుకొచ్చేది కాదు సార్, స్టీల్ మెల్టింగ్ షాపు. అక్కడ కన్వర్టరులో కరిగిన ఇనుము మీదికి ఆక్సిజన్ ఊదితే కార్బన్ మండిపోయి ఉక్కవుతుంది. ఊదడం ఆపి, చిన్న నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. కార్బన్ ఇంత, భాస్వరం ఇంత అని రిపోర్టు వస్తుంది. ఇంకా ఎక్కువుంటే ఆ మేరకే, కాసేపు మళ్ళీ ఊదుతారు. దాన్ని రీబ్లో అంటారు. రీబ్లో అంటే ఎవరికీ సరదా కాదు. టైము పోతుంది, లోపలి ఇటుకల లైనింగు అరిగిపోతుంది. అయినా ఊదకుండా, ఉత్తినే నమూనా మీద నమూనా తీసి ల్యాబుకు పంపుతూ కూర్చోరు. అలా ఏడుసార్లు పంపితే ఇనుము ఉక్కవదు సరికదా, చల్లారి గడ్డకడుతుంది.

మీరు నాకు చేసింది సరిగ్గా అదే. పైగా రిపోర్టులో కార్బనో భాస్వరమో చెప్పలేదు. 'ఎఫ్' అని ఒక్క అక్షరం ఇచ్చారు.

ఇక కోర్సు ముగించే గడువు సంగతి. కోర్సు కాలం మీద రెండేళ్ళు, మరీ తప్పనిసరైతే ఇంకో ఏడాది అని యూజీసీ మార్గదర్శకాలు చెబుతాయి. గడువే వద్దని నేననను. కానీ విశాఖలో కూర్చుని గడువు గురించి మాట్లాడేటప్పుడు కాస్త అటూ ఇటూ చూడాలి. ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది 1971లో. పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992లో. ఇరవై ఒక్కేళ్ళు! తమ నోటీసు దానికీ అంటించి ఉంటే బాలచెరువు దగ్గర ఇప్పటికీ ఆ రాయి ఒక్కటే ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే 1926లో బెజవాడలో చేరి, 1930లో వాల్తేరుకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంది. దాని మెమో మీద ఎవరూ ఏ ముద్రా వెయ్యలేదు.

ముద్ర అంటే గుర్తొచ్చింది. 2022లో మన రాష్ట్రంలో పదో తరగతిలో 67.26 శాతం మందే పాసైనప్పుడు, సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్ళనూ కంపార్ట్‌మెంటల్ అనకుండా రెగ్యులర్‌గానే లెక్కిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కొంప మునగలేదు. పదో తరగతి పిల్లకాయలకు దక్కిన దయ మీసాలొచ్చినవాళ్ళకు దక్కకూడదా? ఇంటర్వ్యూలో నా మార్కుల కాగితాలు తిరగేసిన పెద్దమనిషి, నాకు లెక్కలొచ్చా అని అడగలేదు. "ఎన్ని బ్యాక్‌లాగులు?" అని అడిగాడు.

కాబట్టి నా కోరికలు మూడే. ఒకటి: సప్లీకి ముందు సాయంత్రాలు, తప్పినవాళ్ళకు ఆ ఒక్క సబ్జెక్టూ మళ్ళీ చెప్పించండి. ఫీజు ఎలాగూ కడుతున్నాం, దాంట్లోంచే మాస్టారికి ఇవ్వండి. రెండు: అలా మళ్ళీ చదివినవాడికి ఇంటర్నల్ మళ్ళీ పెట్టండి. ఎప్పటిదో తుపాను ఎల్లకాలం లెక్కలోకి రాకూడదు. మూడు: ఎక్కడ తప్పాడో ఒక్క ముక్క రాసివ్వండి. మా ల్యాబువాళ్ళు ఇనుముకు ఆ మాత్రం మర్యాద ఇస్తున్నారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏడుసార్ల హాల్ టికెట్టుదారు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం.

తా.క.: ఆదివారాలు మా వీధి కుర్రాళ్ళు ముగ్గురికి ఎం-1 చెబుతున్నాను. ఏడుసార్లు రాసినవాడికంటే బాగా ఎవరు చెప్పగలరు లెండి. మొన్న వాళ్ళలో ఒకడు అడిగాడు: "అన్నా, పరీక్ష పోతే మళ్ళీ క్లాసు చెప్పరు కదా, అటెండెన్స్ పోతే చెప్తారా?" చెప్తారన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే రేపట్నుంచి మానేస్తానన్నా, నాకు పాఠం సరిగా అర్థం కావాలి" అన్నాడు. తమ నిబంధన ప్రకారం వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సబబే. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తమరే ఏదో ఒకటి చెప్పాలి.