స్పీకరు కదపొద్దు, నాబు తిప్పండి

స్టీరియో సెట్టు కొన్న ప్రతి ఇంట్లోనూ మొదటి వారంలోనే ఒక అనుమానం పుడుతుంది. ఎడమ డబ్బా గట్టిగా వస్తోందా, కుడి డబ్బా నీరసపడిందా? పలాస-కాశీబుగ్గలో అయినా, టెక్కలిలో అయినా, ఉద్దానం తోటల మధ్య ఏ ఊళ్ళో అయినా ఈ బాధతో ఎవరైనా మీ దగ్గరికొస్తే తడబడకండి. కింద చెప్పినవన్నీ మన వైపు చాలాకాలంగా అమల్లో ఉన్న పద్ధతులే. తుచ తప్పకుండా పాటిస్తే రెండు డబ్బాలూ జన్మలో ఒక్క మాట మీదకి రావు. ఆ పూచీ నాది.

ముందు చోటు సంగతి. మన ఊళ్ళలో ఇళ్ళు వరసగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం దాకా కనిపిస్తుంది. కాబట్టి ముందు గదిలో ఒక పక్క గోడ, రెండో పక్క జనం నడిచే దారి. ఒక డబ్బాను మూలకు నెట్టేయండి. రెండోదాన్ని దారి పక్కన, తలుపు రెక్క వెనక పెట్టండి. తలుపు వేస్తే పాట, తీస్తే తలుపు. మూలన ఉన్నదానికి రెండు గోడలూ, కింద నేలా కలిసి బాస్‌ను ఎత్తి పెడతాయి. గుమ్మం దగ్గరి డబ్బా బాస్ మాత్రం పెరట్లోకి జారుకుని, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చగా మిగిలిన కొబ్బరిచెట్లకు వినిపిస్తుంది. అప్పుడు మీరు యాంప్లిఫయరు మీది బ్యాలెన్సు నాబు తిప్పాలి. నాబు బాస్ ఒక్కదాన్నే తగ్గించదు, ఆ పక్క మొత్తాన్నీ తగ్గిస్తుంది. గాయకుడి గొంతు కూడా దాంతోపాటే పోతుంది. పోనివ్వండి. డబ్బాను మూలలోంచి రెండడుగులు ముందుకు జరిపితే సరిపోతుందనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అలా జరిపితే ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరు తిట్లు తింటారో వాళ్ళనే అడగండి.

ఎత్తు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలట. మనకు బీరువా ఉంది, మంచం కింద ఖాళీ ఉంది. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ.

కూర్చోవడం మాత్రం పెద్ద విద్య. రెండు డబ్బాల మధ్య ఎంత దూరమో, ఒక్కో డబ్బాకూ మీకూ మధ్య కూడా అంతే దూరం ఉండాలని శాస్త్రం. కానీ తాతగారి పడక్కుర్చీ ఎప్పటి నుంచో కుడి డబ్బాకు ఆనుకుని ఉంది, దాన్ని కదిపే మగాడు ఇంకా పుట్టలేదు. శబ్దం సెకనులో వెయ్యో వంతుకు అడుగుకు కాస్త పైగా నడుస్తుంది. కుడి డబ్బా మీకు రెండడుగులు దగ్గరైతే దాని శబ్దం ఆమాత్రం ముందొస్తుంది. ఆ రవ్వంత తేడాకే మన బుర్ర ‘పాట అంతా కుడి వైపు నుంచే వస్తోంది’ అని తీర్పు చెప్పేస్తుంది. ముందొచ్చిన శబ్దానికే పెద్దపీట వేసే ఈ గుణాన్ని 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన సిద్ధాంత వ్యాసంలో కొలిచి చూపించాడు. నాబు ఎడమ డబ్బా గొంతు పెంచగలదు గానీ దాన్ని త్వరగా నడిపించలేదు. ఆ సంగతి మీకెందుకు? ఎడమ పక్కకు తిప్పుతూ పోండి. ఇంకా కుడి వైపే అనిపిస్తే ఇంకా తిప్పండి. పక్కింటి పెద్దయ్య ఉమ్మడి గోడ మీద పిడికిలితో గుద్దాడంటే బ్యాలెన్సు కుదిరినట్టు.

జీడి రైతులకు ఇంకో సౌకర్యం ఉంది. పిక్కల బస్తాలు దిగగానే వాటిని ఎడమ గోడ పొడుగునా పేర్చండి. ఒక్కో బస్తా 80 కిలోలు, వరస మీద వరస వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. గోనె, పిక్కల మధ్య సందులు కలిసి తాళాల గలగలనూ, గొంతులోని స, శ లనూ మింగేస్తాయి. బాస్‌ను మాత్రం అంతగా పట్టించుకోవు. ఎదుటి పక్క నున్నటి సున్నపు గోడ, పలకల నేల. అటు తాళం చెవిలో గుచ్చుకుంటుంది, ఇటు అదే తాళం దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. ఇది గట్టితనంలో తేడా కాదు, రంగులో తేడా. అయినా మందు ఒకటే, నాబు. బస్తాలొచ్చినప్పుడు ఎడమకు, వ్యాపారి లారీ ఎక్కించుకుపోయాక కుడికి. ధర పెరుగుతుందని బస్తాలు ఆపుకునేవాళ్ళకు ఏడాది పొడుగునా ఎడమే. బస్తాలు పెరటి గదిలో వేసుకుంటే ఈ గొడవే ఉండదన్న మాట నిజమే. కానీ దొంగభయం లేదూ?

టెక్కలి వైపు వాళ్ళకు గ్రానైటు ముక్క దొరకడం కష్టం కాదు. ఒక డబ్బా కింద మాత్రమే పెట్టండి. రెండో డబ్బాకు ప్లాస్టిక్ స్టూలు చాలు. పాత సెట్టు డబ్బా ఒకటి చెదలు తినేసి ఉంటే, అందులోని స్పీకరు ఊడదీసి మట్టి కుండ మూతికి బిగించండి. కుండ బాస్ మన పల్లెల్లో తెలియనివాళ్ళు లేరు. ఒక పక్క కుండ, ఒక పక్క చెక్క. ఇక ఆ రెండింటినీ ఒకేలా మోగించడం ఇళయరాజా వల్ల కూడా కాదు.

ఇప్పుడు యాంప్లిఫయరు. మన దగ్గర మెకానిక్ కూర్చిన సెట్లలో 4440 ఐసీ ఎన్ని వేల ఇళ్ళలో పాడిందో లెక్క లేదు. ఒకే చిప్పులో రెండు ఛానెళ్ళు, ఒక్కోదానికి 6 వాట్లు. పాపం దాని తప్పేమీ లేదు. దాని ముందు ఉండే చవక వాల్యూమ్ కంట్రోల్‌దే తప్పు. ఒకే కడ్డీ మీద రెండు కార్బన్ పట్టీలుంటాయి, మొదట్లో ఆ రెండూ సమానంగా నడవవు. అందుకే రాత్రిపూట సన్నగా పెట్టుకుంటే ఒక పక్కే పాడుతుంది, పెంచేకొద్దీ రెండోది కలుస్తుంది. మంచి కంట్రోల్ వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళను నమ్మకండి. ఎప్పుడూ సగం పైనే పెట్టుకు వినండి. రాత్రి పదకొండైనా సరే.

వజ్రపుకొత్తూరు, బారువ లాంటి సముద్రపు ఊళ్ళలో వైరు కొసలు పచ్చబడతాయి. ఉప్పుగాలి రాగిని తినేస్తుంది, ఆ పక్క శబ్దం కరకరలాడి సన్నబడుతుంది. పాడైన కొస కత్తిరించి, కొత్త రాగి తేల్చి బిగించడం రెండు నిమిషాల పని. రెండు నిమిషాలు ఎవరికున్నాయి? డబ్బా నెత్తిన ఒకటిచ్చుకోండి. పలుకుతుంది. మళ్ళీ ఆగితే మళ్ళీ ఇవ్వండి.

వైర్లు బిగించేటప్పుడు ఎరుపేది, నలుపేది అని చూడకండి. ఒక డబ్బాకు తిరగేసి పడితే, ఒక కోను ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది. బాస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది, గొంతు ఎటు నుంచి వస్తోందో అంతుపట్టదు. దీన్నే ‘సరౌండ్ ఎఫెక్టు’ అని చుట్టాలకు చెప్పుకోవచ్చు.

పరీక్ష పెట్టేటప్పుడు ఘంటసాల పాత పాటల జోలికి వెళ్ళకండి. అవి మోనో రికార్డింగులు, రెండు డబ్బాలకూ ఒకే శబ్దం వెళ్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఆయన రెండింటి మధ్య ఖాళీ గోడ ముందు నిలబడి పాడతారు. లేకపోతే మీరు వెంటనే దొరికిపోతారు. విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్ కూడా అంతే ప్రమాదం. దానికి బదులు వయొలిన్లన్నీ ఒక పక్క, తబలా ఒక పక్క సర్దిన స్టీరియో పాట పెట్టండి. వయొలిన్లు ఎటుంటే అటు డబ్బా ఎక్కువని తేల్చి, నాబు ఇవతలికి తిప్పేయండి. తర్వాతి పాటలో అవి అటు మారితే మీరూ మారండి.

‘లేచి వెనక్కి తిరిగి విను’ అనే పోకిరి పరీక్ష ఒకటుంది. తిరిగాక గట్టి శబ్దం రెండో చెవికి మారితే తప్పు సెట్టుది. మారకుండా అదే చెవికి వినిపిస్తే చెవిలో గుబిలి ఉన్నట్టు. తిరగొద్దు. ఇంటి పెద్దకు చెవి తప్పని తేలడం కంటే సెట్టు మార్చడమే చవక.

చివరగా, యాంప్లిఫయరు దగ్గర ఎడమ, కుడి వైర్లు మాత్రం అటూ ఇటూ మార్చి చూడమంటారు తెలిసినవాళ్ళు. నీరసం రెండో డబ్బాకు మారితే జబ్బు యాంప్లిఫయరులోనో పాటలోనో ఉన్నట్టు. మారకపోతే ఆ డబ్బాలోనో, దాని వైరులోనో, గదిలోనో. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది వాళ్ళ పట్టు. మీరు వైర్లూ, డబ్బాలూ, ఫోనూ, పాటా, కుర్చీ తప్ప అన్నీ ఒక్కసారే మార్చేయండి. ఏం తేలదు. అప్పుడు కాశీబుగ్గ నుంచి మెకానిక్‌ను పిలిపించండి. చెప్పులు విప్పుతూనే అడుగుతాడు: “బేలెన్సు నాబు నడిమిన ఎట్టి ఇన్నారా బావూ?” పెట్టామనే చెప్పండి. లేదంటే పెట్రోలు డబ్బులతో పాటు నవ్వుకూ లెక్క వేస్తాడు.