సి డ్రైవ్ ఎర్రబడిన వేళ

512 జీబీ అని పెట్టె మీద అచ్చేసి అమ్మిన ఎస్‌ఎస్‌డీని విండోస్‌లో తెరిచి చూస్తే 476 జీబీయే కనిపిస్తుంది. మోసమేం లేదు. తయారుచేసినవాడు వెయ్యి చొప్పున లెక్కగడతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కగడుతుంది. ఇద్దరి లెక్కా కరెక్టే, చిక్కిపోయేది మాత్రం మన డిస్కు. అందులో విండోస్ తన భాగం తాను తీసుకున్నాక మిగిలినదాంట్లో మా ఇంట్లో ముగ్గురం సర్దుకోవాలి: ఆఫీసు ఫైళ్ళతో నేను, ఫోటోలతో మా ఆవిడ, ఆటలతో మావాడు. సర్దుకునేది మేమిద్దరమే అని వేరే చెప్పక్కర్లేదు.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కేబీ. మా తరానికి ఎండాకాలం సెలవులన్నీ ఆ 40 కేబీలోనే గడిచిపోయాయి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి 150 జీబీ కావాలి. అంటే 37 లక్షల మారియోలకు పైమాటే. అంత చోటు ధారపోసిన ఆటలో దోపిడీలున్నాయి, గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి. మావాడు మాత్రం ఏటి గట్టున కూర్చుని చేపలు పడుతుంటాడు.

"150 జీబీ పెట్టి చేపలు పట్టడమేమిట్రా?" అన్నాను.

"నాన్నా, ముందా నీళ్ళు చూడు."

చూశాను. నిజం చెప్పొద్దూ, నీళ్ళు బాగున్నాయి. బరువంతా ఆ నీళ్ళలోనే ఉంది మరి. రాతి మీది నాచుకీ, జీను మీది కుట్టుకీ, గుర్రం ఒంటి మీది బురదకీ దేని బొమ్మ దానికే ఉంటుంది, అదీ పెద్ద తెర మీద చెదరనంత పెద్దది. మన మానిటర్ పాతదని దానికేం తెలుసు? ఇక శబ్దాల సంగతి. 2014లో వచ్చిన టైటాన్‌ఫాల్ పీసీ మీద 48 జీబీ ఆక్రమిస్తే, అందులో 35 జీబీ వట్టి చప్పుడే. కుదించి పెడితే దాన్ని విప్పడానికే చిన్న ప్రాసెసర్ల శక్తి అయిపోతుందని, పాపం, కుదించకుండా వదిలేశారు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది నకళ్ళ వ్యవహారం. మా తాతయ్యకి ఇంట్లో ఎన్ని గదులుంటే అన్ని కళ్ళజోళ్ళు ఉండేవి. వెతుక్కుంటూ తిరగడం ఆయన వల్ల కాదు. పాత హార్డ్ డిస్కుదీ అదే వరస. తిరిగే పళ్ళెం మీద ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగాలి, ఆ జరగడంలోనే ఆలస్యం. అందుకని ఆటలు చేసేవాళ్ళు అదే చెట్టునీ అదే రాయినీ అవసరమైన చోటల్లా మళ్ళీ మళ్ళీ రాసి పెట్టేవారు. ప్లేస్టేషన్ 5 గురించి 2020లో వివరిస్తూ దాని రూపశిల్పి మార్క్ సెర్నీ, స్పైడర్‌మ్యాన్ ఆటలో కొన్ని డేటా ముక్కలకి హార్డ్ డిస్కు మీద 400 నకళ్ళున్నాయని చెప్పాడు. ఎస్‌ఎస్‌డీలో పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు. అయినా అలవాటు అంత తొందరగా పోతుందా? హెల్‌డైవర్స్ 2 అనే ఆట పీసీలో 154 జీబీ దాకా పెరిగింది. 2025 చివర్లో నకళ్ళన్నీ ఏరేస్తే 23 జీబీకి దిగింది. ఆట అదే, అందులో కాల్చిపారేసే పురుగులూ అవే. హార్డ్ డిస్కు ఉన్నవాళ్ళు మరీ ఎక్కువసేపు కూర్చోవలసి వస్తుందేమోనని ఆట చేసినవాళ్ళు భయపడ్డారు గానీ, తేడా కొన్ని సెకన్లేనట. అంటే మొన్నటిదాకా మా డిస్కులో 131 జీబీ కళ్ళజోళ్ళే కూర్చున్నాయి!

డ్రైవులో పది శాతం కన్నా తక్కువ ఖాళీ మిగిలితే విండోస్ ఆ డ్రైవు పేరు కిందుండే నీలం గీతని ఎర్రగా మార్చేస్తుంది. అది ఉత్త అలంకారం కాదు. ఎస్‌ఎస్‌డీ రాసినదాని మీదే మళ్ళీ రాయలేదు. ఒక బ్లాకు మొత్తం చెరిపి రాయాలి, చెరిపేముందు అందులో పనికొచ్చేవి ఉంటే పక్కకి మోయాలి. పక్కన చోటే లేకపోతే మోసేదెక్కడికి? అలా డిస్కు నీరసపడుతుంది, దాంతోపాటు ఇంట్లో వాతావరణం వేడెక్కుతుంది.

గీత ఎర్రబడిన రోజు మా ఇంట్లో విచారణ జరుగుతుంది. ముద్దాయి ఎప్పుడూ మా ఆవిడ గృహప్రవేశం ఫోటోలే. అవన్నీ కలిపి ఆరు జీబీ ఉండవు.

"ముందు ఆ చేపల చెరువు పూడ్చమనండి, తర్వాత చూద్దాం నా ఫోటోల సంగతి," అంది ఆవిడ.

న్యాయమే. స్టీమ్‌లో (ఆటలు కొని దించుకునే యాప్) స్టోరేజ్ పేజీ తెరిస్తే ఏ ఆట ఎంత మింగిందో వరసగా చూపిస్తుంది, టిక్ పెట్టి ఇంకో డ్రైవుకి తరలించొచ్చు కూడా. పాత హార్డ్ డిస్కు దులిపి తగిలించాం. కొన్ని ఆటలు బుద్ధిగా వెళ్ళాయి. బాల్డర్స్ గేట్ 3 మాత్రం 150 జీబీ కావాలి, అదీ ఎస్‌ఎస్‌డీయే కావాలి అని ముందే రాసుకుని వచ్చిన రకం. ఎవరూ ముట్టని ఒక క్రికెట్ ఆట పోయింది (నాదే). గీత నీలమైంది. అందరం కాఫీ తాగాం.

సాయంత్రానికి ఇంకో ఆటకి అప్‌డేట్ వచ్చింది. దిగేది కొంచెమేనట, కానీ పాత ఫైలు ఉండగానే పక్కన కొత్తది కట్టుకోవాలి కాబట్టి దానికి ఎన్నో రెట్లు ఖాళీ కావాలట. మావాడు కాసేపు తెర వంక చూసి, వంటింటి వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు:

"అమ్మా, గృహప్రవేశం ఫోటోలు నీ ఫోన్లో కూడా ఉన్నాయి కదా?"