చిటపటతోపాటు ఊపిరీ పోయింది

ఈ మధ్య ఎవరింటికి వెళ్లినా ఒకటే మాట: "పాత ప్లేట్లన్నీ డిజిటల్ చేయించేశామండీ." ఎలా చేశారు, ఏ ముల్లుతో చేశారు అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. యూఎస్‌బీ తీగ ఉన్న టర్న్‌టేబుల్ ఒకటి కొనడం, ప్లేటు పెట్టడం, కంప్యూటర్లో ఎర్ర బొత్తం నొక్కి భోజనానికి లేవడం. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సంగీతం ఫైలైపోయి ఉంటుంది. అది మోగుతున్నంతసేపూ విన్నవాడు ఆ ఇంట్లో ఒక్కడూ ఉండడు.

మా రోజుల్లో ఒక ఎల్పీని స్పూలు టేపు మీదికో క్యాసెట్టు మీదికో ఎక్కించాలంటే పక్కన కూర్చుని వినడం తప్ప గత్యంతరం లేదు. ముల్లు ఎక్కడ ఎగురుతోందో, మీటరు సూది ఎక్కడ ఎర్రలోకి పోతోందో కనిపెట్టుకుని ఉండాలి. ఒక వైపు పాడైతే మళ్లీ మొదటినుంచీ. అలా వినీ వినీ ఆ ప్లేటులో ఏది సంగీతమో, ఏది గీతో చెవికి తెలిసిపోయేది. ఇప్పటి యంత్రాలు మా యంత్రాలకంటే వందరెట్లు మెరుగైనవి, కాదనను. వాటిముందు చెవి పెట్టుకుని కూర్చునే మనిషి కరువయ్యాడని నా బాధ.

నావి ఘంటసాల ప్లేట్లయితే ఇంత బెంగ పడను. వాటిని కాపాడుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. నావి మౌత్ ఆర్గాన్ మీద వాయించిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. మద్రాసు మూర్ మార్కెట్లో, అది 1985లో తగలబడకముందు, పాత పుస్తకాల మధ్య వెతికి పట్టుకున్నవి కొన్ని. తరవాత హైదరాబాదులో, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద దొరికినవి కొన్ని. "మౌత్ ఆర్గాన్‌కి శాస్త్రీయమేమిటండీ" అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు చూసింది స్కౌటు క్యాంపుల్లో పిల్లలు ఊదేది. నేను చెప్పేది క్రొమాటిక్ మౌత్ ఆర్గాన్. మామూలుగా 12 రంధ్రాలు, 48 రీడ్లు, పక్కన ఒక మీట. మీట నొక్కితే స్వరం అరమెట్టు పైకి వెళుతుంది. ఊదినా స్వరమే, పీల్చినా స్వరమే. మనిషి ఊపిరికి ఇంత దగ్గరగా ఉన్న వాద్యం నాకు ఇంకొకటి తెలియదు.

దానికోసం రాసినవాళ్లు ఆషామాషీ మనుషులు కారు. ఇంగ్లండులో వాన్ విలియమ్స్ ఎనభయ్యో పడికి చేరువవుతూ, 1951లో, లారీ ఆడ్లర్ అనే వాద్యకారుడి కోసం 'రొమాన్స్' రాశాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో మొదటి కచేరీ జరిగింది. మాల్కమ్ ఆర్నాల్డ్ రాసిన కాన్సర్టోను ఆడ్లరే 1954లో లండన్ ప్రోమ్స్ కచేరీల్లో వాయించాడు. ఫ్రెంచి స్వరకర్త మియో రాశాడు. బ్రెజిల్ స్వరకర్త విలా లోబోస్ జాన్ సెబాస్టియన్ అనే అమెరికన్ వాద్యకారుడి కోసం కాన్సర్టో రాశాడు.

వాయించినవాళ్లలో నా మనసు దోచినవాడు టామీ రైలీ. కెనడాలో పుట్టాడు. లైప్‌జిగ్‌లో సంగీతం చదువుకుంటుండగా 1939లో యుద్ధం వచ్చిపడింది. జర్మన్లు పట్టుకుని యుద్ధం ముగిసేదాకా నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. అక్కడే మౌత్ ఆర్గాన్ మీద చెయ్యి తిప్పుకున్నాడు. హైఫెట్స్ వయొలిన్‌లో పలుకు ఎలా విరుగుతుందో, ఎలా కలుస్తుందో తలుచుకుంటూ దాన్ని ఊపిరిలోకి తెచ్చుకున్నాడు. బయటికొచ్చాక 1951లో స్వరకర్త స్పివకోవ్‌స్కీ ఆయన కోసం కాన్సర్టో రాశాడు. అలాంటి మనిషి ఊపిరి ఉంది ఆ ప్లేట్ల గాడుల్లో. అందుకే నాకింత పట్టుదల.

మా తమ్ముడి మనవడు కంప్యూటర్ల పిల్లాడు. మంచివాడు, ఓపికగలవాడు. నా ప్లేట్లలో ఒకటి ఎక్కించి, సాఫ్ట్‌వేర్‌తో కడిగి తెచ్చాడు. "విను తాతయ్యా, ఒక్క చిటపట కూడా లేదు" అన్నాడు. విన్నాను. నిజమే, చిటపట లేదు. స్వరాలన్నీ ఉన్నాయి. వాయించేవాడు మాత్రం లేడు.

మౌత్ ఆర్గాన్‌లో స్వరం ఒక్కసారిగా పుట్టదు. ముందు గాలి కదులుతుంది, ఆ గాలికి రీడు లేస్తుంది, అప్పుడు స్వరం పలుకుతుంది. ఆ మొదటి గాలి చప్పుడు సన్నని బుస. పాత ప్లేటు మీద ముల్లు నడిచే చప్పుడూ సన్నని బుసే. కంప్యూటరుకు రెండూ ఒకటే. మీట లోపలికి వెళ్లేటప్పుడు టక్కున వచ్చే చిన్న శబ్దం, నాలుకతో స్వరాన్ని తెంపినప్పుడు వచ్చే పదును, ఇవి దానికి గీత చప్పుడులాగే కనిపిస్తాయి. కనిపించినవాటిని కనిపించినట్టు కోసేస్తుంది.

పిల్లాడు ఒప్పుకోలేదు. "సంగీతం జోలికి అది పోదు తాతయ్యా" అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో సదుపాయం ఉంది: తీసేసినదాన్ని మాత్రమే విడిగా వినిపిస్తుంది. "సరే, నువ్వు పారేసినదాన్ని పెట్టు, విందాం" అన్నాను. పెట్టాడు. ముందు వట్టి బుస, చిటపట. వాద్యం మొదలయ్యేచోట ఆ బుసలోంచి పాట లేచింది. సన్నగా, తెగిపోతూ, కానీ వరస గుర్తుపట్టేంత స్పష్టంగా. ప్రతి స్వరం తల అక్కడుంది, పీల్చిన ప్రతి ఊపిరీ అక్కడుంది. బియ్యం చెరిగి నూకలతోపాటు గింజలు కూడా పెరట్లో పారబోసినట్టు. పిల్లాడు మాట్లాడకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మొదటినుంచి విన్నాడు.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ముందు ఉన్నదున్నట్టు, 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్‌లో, చిటపటతో సహా ఎక్కించి దాచాలి. దాని మీద చెయ్యి వేయకూడదు. కడగాలనుకుంటే నకలు తీసి దాన్ని కడుక్కోవాలి. పెద్ద గీతలు చేత్తో ఒక్కొక్కటే వెతికి తీయాలి. రేపు ఇంతకంటే తెలివైన సాఫ్ట్‌వేర్ వస్తే, ఆ మొదటి ఫైలు ఉంటేనే దానికి పని. ఈ మాట చెబితే "అంత జాగా ఎక్కడుందండీ" అంటారు. పెళ్లి వీడియోలకు ఉన్న జాగా దీనికి లేదా?

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల సంగతి ఇంకా ఘోరం. ఎల్పీ వినైల్, అంటే ప్లాస్టిక్. 78 ప్లేటు లక్క. మన దేశపు లక్కే ప్రపంచమంతా వెళ్లి ప్లేట్లయింది, రాతిపొడి కలిపి అచ్చుపోసేవాళ్లు. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా బీరువాలకు పాలిష్ పట్టేది! ఈ ముక్క ఒకప్పుడు గ్రామఫోను బాగుచేసే ప్రతివాడికీ తెలుసు. ఈమధ్య డిజిటల్ చేసిపెడతామని బోర్డు పెట్టుకున్న ఒక దుకాణంలో నా 78 ఒకటి ఇస్తే, ఎల్పీలకు వాడే స్పిరిట్ నీళ్లతోనే తుడిచారు. నిగనిగలాడాల్సిన ప్లేటు బూజు పట్టినట్టు తెల్లబోయి తిరిగొచ్చింది. "పాతది కదండీ, అలాగే ఉంటుంది" అన్నాడు కుర్రాడు. మంచినీళ్లలాంటి డిస్టిల్డ్ వాటరు, మెత్తని గుడ్డ ఉంటే సరిపోయేది.

ముల్లు కూడా అంతే. 78 గాడికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి, మోనో ఎల్పీ గాడికి 25. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుక్కి దిగి మట్టిలో నడుస్తుంది. వచ్చేది మట్టి చప్పుడే. అప్పుడు ఆ చప్పుడు తీయడానికి మళ్లీ సాఫ్ట్‌వేర్! సగం బుస సరైన ముల్లుతోనే పోతుందని ఎవరికి చెప్పాలి? మోనో ప్లేటును స్టీరియో ముల్లుతో ఎక్కించాక రెండు చానెళ్లనూ కలిపితే ఇంకాస్త పోతుంది. 1950ల నడుమదాకా కంపెనీకో లెక్కన మంద్రం తగ్గించి తారం పెంచి ప్లేటు కోసేవాళ్లు. ఇప్పటి ప్రియాంపులు చాలావరకు తరవాత వచ్చిన ఒకే లెక్కకు కట్టుబడి ఉంటాయి. ఆ తేడా సర్దకపోతే మౌత్ ఆర్గాన్ ముక్కుతో పాడుతుంది.

వేగం చూసుకోవడానికి మా దగ్గర గీతల చక్రం ఉండేది. మన 50 సైకిళ్ల కరెంటుకు 180 గీతలు. ట్యూబులైటు కింద పెట్టి తిప్పితే, వేగం సరిగ్గా 33⅓ ఉన్నప్పుడు గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు ఇళ్లన్నీ ఎల్‌ఈడీ బల్బులు. చాలావాటి వెలుగులో ఆ రెపరెప లేదు, గీతలు అలికినట్టయిపోతాయి. చక్రం పనిచేయడం లేదని పారేశారు, వేగం చూసుకోవడం కూడా దాంతోపాటే పారేశారు. ప్లేటు నడిమి రంధ్రం కాస్త పక్కకు పడితే స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. మౌత్ ఆర్గాన్ పొడుగాటి స్వరాల మీద ఆ ఊగుడు బాగా తెలుస్తుంది. వాద్యకారుడు చేతులు గుప్పిటగా మూసి తెరుస్తూ పుట్టించే కంపితం వేరు, ఇది వేరు. రంధ్రం వదులుగా ఉన్న ప్లేటును వేలితో కొద్ది కొద్దిగా జరిపి, టోన్ ఆర్మ్ ఊగకుండా నిలిచేదాకా సరిచేసేవాళ్లం. ఇప్పుడు విన్నవాళ్లు "ఎంత చక్కగా కదిలించాడో" అని మెచ్చుకుంటున్నారు!

ఇన్నీ సరిచేశాక కూడా ఫైలు పేరు చూస్తే 'ట్రాక్ 01' అని ఉంటుంది. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. కమ్యూనిస్టు సానుభూతిపరుడని ముద్రవేసి ఆడ్లర్‌కు అమెరికాలో పని లేకుండా చేశారు. ఇంగ్లండు వెళ్లి స్థిరపడి 'జెనివీవ్' సినిమాకు సంగీతం చేస్తే, అమెరికాలో ఆడిన ప్రింట్ల మీద ఆయన పేరే తీసేశారు. ఆస్కార్ నామినేషన్ ఆర్కెస్ట్రా నడిపించిన మ్యూర్ మాథీసన్ పేరు మీద వెళ్లింది. అప్పుడు ద్వేషంతో చెరిపారు. ఇప్పుడు ద్వేషమూ లేదు, కారణమూ లేదు, టైపు చేయడానికి బద్ధకం. ప్లేటు మధ్య కాగితం మీద అన్నీ అచ్చువేసి ఉంటాయి: స్వరకర్త, వాద్యకారుడు, కంపెనీ, నెంబరు. అట్ట వెనక ఇంకా ఎంతో ఉంటుంది. చదివి దించుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

అందుకని మా పిల్లాడితో పేర్లన్నీ నేనే దగ్గరుండి రాయిస్తున్నాను. ప్లేటు ఎవరిది, ఎన్నో వైపు, ఏ ముల్లు, ఏ వేగం, ఏం కడిగాం, ఏం కడగలేదు. లేబుల్‌కు, అట్టకు రెండు వైపులా ఫొటోలు. 'రొమాన్స్' 78 మీద ఒక వైపు పట్టదు, మధ్యలో ప్లేటు తిప్పాలి. అతుకు ఎక్కడ వేశామో ఆ స్వరం కూడా రాయమన్నాను.