జవాను సాక్ష్యము

ఆదివారమునాడు భక్తుడై యుండుట మన దేశమున నంత కష్టమైన కార్యము కాదు. ఇస్త్రీ చేసిన పంచె కట్టి, బైబిలును కీర్తనల పుస్తకమును చంకనుంచుకొని, గుడిలో ముందు వరుసను పంకాక్రింద కూర్చుండి, అయ్యగారి ప్రసంగమున పాపులను మందలించు ఘట్టము వచ్చినపుడెల్ల వెనుక వరుసలవైపు సాభిప్రాయముగా తిరిగి చూచుచు, కానుకల సంచి తన యెదుటికి వచ్చినపుడు తాను వేయునది నాణెము కాదు నోటని నలుగురకు తెలియునట్లు వేయగలిగిన యే గృహస్థునకైనను రెండు గంటలపాటు పరిశుద్ధుడై యుండుట సాధ్యమే. చిక్కంతయు సోమవారము పదిన్నర గంటలకు, కచేరీలో హాజరు పట్టీ ముందర ప్రారంభమగును.

సంఘములో కమిటీ మినిట్సు పుస్తకమును, కచేరీలో తపాలా రిజిస్టరును ఒక్క చేతితోనే వ్రాయుచు వచ్చిన వాడనగుటచే, ఒకే మనుష్యుడు ఆ రెండు పుస్తకములలో నేయే రూపముల దర్శనమిచ్చునో చూచు భాగ్యము నాకు లభించినది. ఆ యనుభవమువలన నాకు తేలిన సిద్ధాంత మొక్కటే: మనుష్యుని భక్తిని గూర్చి యతడు చెప్పుకొను సాక్ష్యము వినుటకు బాగుండును గాని, నమ్మదగిన సాక్ష్యము అతని క్రింద పనిచేయువారి యొద్దనే దొరకును.

మా కచేరీలో నొక హెడ్డుగుమాస్తాగారుండెడివారు. గొప్ప ప్రార్థనాపరులు. ఆయన ప్రార్థన ఏదెను తోటలో బయలుదేరి యొర్దాను నది దాటునప్పటికి ఆదివారపు బడి పిల్లలు సగము మంది నిద్రపోయెడివారు. ఒకనాడు మా సంఘమునకే చెందిన యొక వితంతువు, పెనిమిటి తాలూకు పింఛను కాగితమునకై తిరిగి తిరిగి వేసారి, ఆయన బల్లయొద్దకు వచ్చి నిలిచినది. ఆయన ఆమె మొరయంతయు సానుభూతితో నాలకించి, దీర్ఘముగా నిట్టూర్చి, "మానవ ప్రయత్నం ఎంతని చేస్తామమ్మా! ప్రభువు చేతుల్లో పెడదాం" అని, రెండు మోచేతులును బల్లమీద నాన్చి, కన్నులు మూసి, పై యధికారుల రాతి గుండెలు మెత్తబడవలెననియు, యెఱ్ఱసముద్రము పాయలైనట్లు అడ్డంకులు తొలగిపోవలెననియు, పావుగంటసేపు ప్రార్థించిరి. ఆమె కన్నులు మూయలేదు. ఆమేను చెప్పిన పిమ్మట మిక్కిలి వినయముగా, "అయ్యా, ప్రభువు చేతుల్లో పెడతామన్నారు గాని, నా కాగితం తమ మోచేతి కిందనే ఉందండి" అన్నది.

ఆ సాయంకాలమే ఫైలు కదలినది. దానిని హెడ్డుగుమాస్తాగారు మరుసటి బెస్తవారపు కూటములో, తమ ప్రార్థనకు దొరకిన జవాబుగా, గద్గద కంఠముతో సాక్ష్యము చెప్పిరి.

ఉద్యోగులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. కోత పండుగనాడు గుడి యావరణములో జరుగు వేలమున, పావలా చేయు గుమ్మడికాయను ఇరువదియైదు రూపాయలకు పాడి, చప్పట్లనడుమ దానిని శిశువును వలె నెత్తుకొని పోయెడి వర్తకుడైన సంఘపెద్ద యొకడు మాకు నుండెడివాడు. ఆ యిరువదియైదు రూపాయలును ఎట్లు పూడినవో యాతని కొట్టులోని కుఱ్ఱవాడెఱుగును. కొనుటకు వాడు తూనికరాళ్లు వేరు, అమ్ముటకు వాడు తూనికరాళ్లు వేరు. ఏవి యెప్పుడు తీయవలెనో చెప్పనక్కరలేకుండ తీయుటయే యా కుఱ్ఱవాని నైపుణ్యము. దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథము ఘోషించుచున్నది. కాని కోత పండుగకు గుమ్మడికాయను, కోడిని, అరటిగెలను గుడికి తెచ్చువారే గాని, త్రాసును తెచ్చిన వానిని నేనింతవరకు చూడలేదు.

ఇట్లనుటచే నిజమైన భక్తుడు పై యధికారిగా వచ్చినచో కచేరీ స్వర్గతుల్యమగునని పాఠకులు భ్రమపడగూడదు. అట్టి యాపద యొకటి మాకు వాస్తవముగనే సంభవించినది. బదిలీమీద వచ్చిన యొక యధికారి, కచేరీలో నే దినమును వాక్యమెత్తి యెఱుగడు. ఆయన క్రైస్తవుడన్న సంగతి, గుడిలో కడపటి వరుసయందు కూర్చుండియుండగా చూచిన పిమ్మటనే మాకు తెలిసినది. ఆయన పదిన్నరకు ముందే వచ్చును. ఒకనాడు బస్సు చెడిపోయి యరగంట యాలస్యముగా వచ్చి, హాజరు పట్టీ తెప్పించి, తన పేరునకెదుట తానే యెఱ్ఱసిరాతో ఆలస్యమని వ్రాసికొనెను. కచేరీ యంతయు నిశ్చేష్టమయ్యెను. "ఇంతకుముందు దొరగారు చాలా మంచివారండీ, తిట్టి ఊరుకునేవారు. ఈయన తన్నుతానే రాసుకుంటే మనకింక దారేదండీ?" అని మా జవాను కంట తడిపెట్టినంత పని చేసెను.

ఆయన ప్రయాణపు బత్తెముల బిల్లు మఱియొక యుపద్రవము తెచ్చినది. ద్వితీయ తరగతి కర్హుడైన యధికారి తృతీయ తరగతి చార్జీ మాత్రమే వ్రాసియుండుట చూచి, ఇందేదో గొప్ప మోసముండి తీరవలెనని యనుమానించిన ఆడిటువారు సంజాయిషీ కోరిరి. ఆయన వ్రాసిన జవాబును తపాలా రిజిస్టరున కెక్కించినది నేనే: తృతీయ తరగతిలో ప్రయాణము చేసితిని గనుక. దీనిపై రెండు నెలలు ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. ఒక బిల్లునందు సత్యము వ్రాయబడుటచే ప్రభుత్వమునకెంత కాగితము ఖర్చగునో నాకానాడు బోధపడినది.

ఇక మా గుమాస్తా యొకడు లెక్కల పట్టికలో మొత్తము తప్పు వేయగా, బాధ్యులెవరని పైనుండి తాఖీదు వచ్చినది. ఆ గుమాస్తా అత్తగారి జబ్బు మొదలుకొని కారణములన్నియు వరుసగా సిద్ధము చేసికొని యుండెను. అధికారి వానిలో నొక్కటియు నడుగక, సంతకము నాది కావున తప్పును నాదేయని వ్రాసి పంపివేసెను. అంత కష్టపడి కూర్చుకొన్న కారణములు వ్యర్థమైనందుల కాతడు కొన్నాళ్లు విచారించెను. కాని యానాటినుండి ప్రతి మొత్తమును మూడుసార్లు కూడనిదే యాతనికి నిద్రపట్టకుండెను. తిట్లకు లొంగని వాడు సిగ్గునకు లొంగెను.

ఈ మార్గము క్రొత్తది కాదు. యెరూషలేము ప్రాకారమును కట్టించిన నెహెమ్యా పండ్రెండేండ్లు అధికారియై యుండియు, అధికారికి జనులియ్యవలసిన భోజనపు సొమ్మును ముట్టక, తన బల్లయొద్దనే నూటయేబదిమందికి భోజనము పెట్టెను. అధికారి క్యాంపునకు వచ్చెనన్న వార్త వినగానే గ్రామములోని కోళ్లు గంపలక్రింద దాగు దేశమున నీ వృత్తాంతమును నమ్ముట యెంత కష్టమో నేనెఱుగుదును. జక్కయ్య మేడిచెట్టెక్కిన చిత్రమును ఆదివారపు బడిలో ప్రతి పిల్లవాడును రంగులతో వేయును. దిగివచ్చిన పిమ్మట అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనన్న ఘట్టమునకు చిత్రము వేసిన పిల్లవాడు లేడు. చెట్టెక్కుటలో తమాషా యున్నది. దిగి లెక్క చూచుటలో నేమున్నది?

మన తెలుగునాటనే యొంగోలులో మఱియొక నిదర్శనమున్నది. 1876 మొదలు 1878 వఱకు సంభవించిన మహాక్షామములో, అమెరికను బాప్తిస్టు మిషనరీయైన క్లౌ దొరగారు జనులకు పని కల్పింపదలచి బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొనిరి. యౌవనమున స్వదేశమందు సర్వే పని యెఱిగినవారగుటచే కొలతలు వారికి క్రొత్తవి కావు. తమ బోధకులనే పనులమీద మేస్త్రీలుగా నియమించి, ఆకలితో వచ్చిన వేలకొలది బీదలకు, అందును పెక్కుమంది మాదిగలకు, న్యాయమైన కూలి ముట్టజెప్పిరి. గుత్తదారుడును భక్తుడును ఒకే దేహమందు నివసించుట యెట్టి యద్భుతమో, మన ప్రాంతపు రోడ్లమీద నొక వానకాలము ప్రయాణము చేసినవారికి వివరింపనక్కరలేదు. అంతకంటె నద్భుతమేమనగా, కూలి చేతబుచ్చుకొన్నవారు బాప్తిస్మమిమ్మని వేడగా, కరవు పనులు, సహాయము ముగియునంతవఱకు దొరగారు ఇయ్యనొల్లకపోవుట. కడుపుకొఱకు మతము పుచ్చుకొనిరన్న మాట రాగూడదని వారి పట్టుదల. పిమ్మట 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దేశీయ బోధకులు ఆరుగురు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని నీటిలో దిగిరి. దొరగారు తమ చేతులతో నొక్కరికిని ఇయ్యలేదు. మా కమిటీలోనైతే దీపస్తంభమునకు శంకుస్థాపన చేయు తాపీ యెవరి చేత నుండవలెనన్న విషయమై మూడు సభలు జరిగినవని మినిట్సు పుస్తకము చెప్పుచున్నది.

కావున పాఠకులకు నా మనవి యొక్కటి. సంఘపెద్దగా నుండువాడు వెలుపలివారిచేతను మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెనని పౌలు తిమోతికి వ్రాసెను. ఆ మాటను మన యెన్నికలలో నొక్కసారియైనను అమలు జరుపుడు. అభ్యర్థి యెంత పొడవుగా ప్రార్థించునో చూడవలదు. అతని జవాను నొకమూల కలిసికొని, "మీ అయ్యగారు ఎలాంటివారయ్యా?" అని యడుగుడు. వాడు వెంటనే మాటలాడినచో వోటు వేయుడు. చుట్టును చూచి, తలుపు దగ్గరగా వేసి, "ఏం చెప్పమంటారు బాబూ" అని మొదలుపెట్టినచో మఱియొక యభ్యర్థిని వెదకికొనుడు.