నూటికి నలువదియైదు పాళ్ళ చెవుడు

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు నడుమ యౌవనమంతయు వెళ్ళబుచ్చిన యొక కార్మికుని ఊహించుకొనుడు. వైద్యులు పరీక్షించి, ఆతని చెవుడు నూటికి 45 పాళ్ళని తేల్చి, వైకల్యమును ధ్రువీకరించు సదరం పత్రము చేతికిచ్చినారనుకొనుడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమునకు 40 పాళ్ళు చాలును గనుక ఆ చట్టపు గుమ్మమున ఆతడు నిక్కమైన దివ్యాంగుడు. ఆ పత్రమునే పుచ్చుకొని, నెలకు 4,016 రూపాయల తెలంగాణ ప్రభుత్వపు ఆసరా పింఛను నిమిత్తము మండలాఫీసునకు పోయెనా, అచ్చటి నిబంధన వినికిడి విషయమున 51 పాళ్ళు కోరును గనుక, మెట్లెక్కుచుండగనే ఆతనికి వినికిడి మరల వచ్చును. పిమ్మట రైలు రాయితీకి పోవుగాక: పూర్తి చెవుడును మూగతనమును రెండును ఒక్క మనిషియందే కూడియున్నగాని రైల్వేవారు కరుణింపరు; మనవాడు నోరు తెరచి రాయితీ యడిగినాడు, అదియే ఆతని యనర్హతకు సాక్ష్యము. ధన్వంతరికి సైతము అలవికాని చికిత్సలు మన కార్యాలయములలో ఒక్క పూటలో, మందు మాకు లేకుండ జరిగిపోవుచున్నవి.

వైకల్యములెన్ని యను ప్రశ్నకు 1995 నాటి చట్టము ఏడని చెప్పెను. 2001 జనగణన అయిదనెను. 2011 జనగణన ఎనిమిదనెను. 2016 నాటి చట్టము ఇరువదియొకటనెను. ఆ ఎనిమిదింటి గణితముతో దేశమున దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షలని, అనగా నూటికి 2.21 మంది యని 2011లో లెక్క తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమంతటికిని నూటికి 16 మంది యని యంచనా వేయుచున్నది గనుక, మనము తక్కిన మానవజాతి కంటె ఏడురెట్లు దృఢగాత్రులమని రొమ్ము విరుచుకొనవచ్చును.

ఉట్నూరు వైపు గోండు, కోలాం గూడేలలో కనబడు సికిల్ సెల్ వ్యాధి సంగతి మరియు విచిత్రము. ఆ ఇరువదియొకటిలో దానికి చోటు దొరకినది. అంతకుముందు లెక్కలలో దానికి పేరే లేదు. ఆ నొప్పి యొకనాడు పిల్లవానిని మంచమునకు కట్టివేయును, మరునాడు బడికి పంపును. అది సదరం క్యాంపు తేదీ నడిగి వచ్చునది కాదు. బడి రిజిస్టరులో ఆ పిల్లవాడు తరచు గైరుహాజరగువాడు, ఆసుపత్రి రిజిస్టరులో రోగి, పింఛను జాబితాలో ఎవడును కాడు. ఈ మూడు పుస్తకములును ఒకనాటికైన ఒకదానినొకటి పలుకరించుకొనిన పాపమున పోలేదు.

మనుష్యులు మారుట చాలదన్నట్లు 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలును మారినవి. ఒక్క ఆదిలాబాదు నాలుగైనది. కరీంనగరము నుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడివడినవి. పాత అంకెను కొత్త అంకెతో సరిపోల్చ సాహసించు గణకునికి నా నమస్కారములు.

పింఛనుకొక హద్దు, రైలుకొక హద్దు ఉండరాదని నేననను. ఖజానా అక్షయపాత్ర కాదు. హద్దు ఎవరిది వారుంచుకొనవచ్చును గాని, మనిషిని వ్రాసికొనుట మాత్రము అందరును ఒక్క తీరుననే చేయవలెను గదా! ఐక్యరాజ్యసమితి ఆశ్రయమున ఏర్పడిన వాషింగ్టన్ బృందమువారు దీనికొక సులభోపాయము చెప్పినారు: చూచుట, వినుట, నడచుట, జ్ఞాపకముంచుకొనుట, తన పనులు తాను చేసికొనుట, ఇతరులతో మాటలాడి గ్రహించుట అను ఆరింటిలో నీకు కష్టమేమియు లేదా, కొంత కష్టమా, చాల కష్టమా, అసలే చేతకాదా యని యడుగుట. ఇందులో పాళ్ళు లేవు, ముద్ర లేదు, క్యాంపు స్లాటు లేదు. బహుశః అందుచేతనే ఇది మన కార్యాలయములకు శాస్త్రీయముగ తోచుట లేదు. దివ్యాంగుల గుర్తింపునకై యూడీఐడీ కార్డు వచ్చినది, మంచిదే. అది కార్డు తీసికొన్నవారిని లెక్కించును, తీసికొనలేక ఇంటనున్నవారిని కాదు.

2027లో జనగణకులు సిరిసిల్ల వీథులకును వత్తురు. వారికి నా విన్నపమొక్కటే: సాంచాలు నడచు వేళ పోయి "మీకు వినుట కష్టమా?" యని మెల్లగా నడిగి, జవాబు రానందున "లేదు" అని వ్రాసికొని పోవలదు.